రీబూట్ కొట్టే ముందు

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాన్న మళ్ళీ అడిగాడు, "ఏరా, ఇంతకీ ఆఫీసులో నువ్వు చేసే పనేంటి?" అని. ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ ఏడాదికోసారి అడుగుతూనే ఉన్నాడు. నేనూ ఏడాదికో రకంగా చెప్తూనే ఉన్నా. ఈసారి కొంచెం ఆలోచించి, "కంప్యూటరు ఉన్నట్టుండి చచ్చిపోతుంది నాన్నా. ఎందుకు చచ్చిందో చూసేది మేము" అన్నా.

"అంటే పోస్టుమార్టం డాక్టరువన్నమాట."

"దాదాపు అంతే."

"మరి శవాన్ని తగలబెట్టేసి, ఆ తర్వాత నీ దగ్గరికొచ్చి ఎందుకు పోయాడో చెప్పమంటే ఏం చేస్తావ్?"

నాన్న నవ్వుతూనే అడిగాడు గానీ నాకు నవ్వు రాలా. నా ఉద్యోగంలో సగం బాధ ఇదే. మిషను చచ్చిపోగానే రీబూట్ కొట్టేసి, అంతా బాగయ్యాక, తీరిగ్గా వచ్చి "ఎందుకు చచ్చిందో చెప్పు" అంటారు. ఆ బాధంతా ఈ టపాలో వెళ్ళగక్కుదామని కూర్చున్నా. కొంచెం పెద్దదే, ఓపిక పట్టండి. కెర్నెల్ గోల తెలియనివాళ్ళకి కూడా అర్థమయ్యేట్టు రాయడానికి ప్రయత్నిస్తా.

ముందు మా చేను సంగతి. మాది పర్చూరు దగ్గర పల్లెటూరు. నల్లరేగడి. పత్తి, మిర్చి, శనగ, ఒకప్పుడు పొగాకు. 2021లో నాన్న మూడెకరాల్లో మిర్చి వేశాడు. ఆ ఏడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోనూ, అటు తెలంగాణలోనూ మిర్చి మీద నల్ల తామర పురుగు పడ్డ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. త్రిప్స్ పార్విస్పైనస్ అని దాని శాస్త్రీయ నామం. మన దేశంలో మొదట 2015లో బెంగళూరు వైపు బొప్పాయి మీద కనపడింది. 2021 నాటికి మిర్చి పూతలోకి చేరింది. పూవులో దూరి రసం పీలుస్తుంది, పూత రాలుతుంది, ఇంక కాయ ఎక్కడ్నుంచి వస్తుంది? మందు మీద మందు కొట్టినా లొంగలేదు. చాలామంది పైరు పీకేశారు.

మా చేలో ఒక వింత జరిగింది. రెండెకరాలు పూర్తిగా పోయాయి. మూడో ఎకరం మాత్రం ఓ మాదిరిగా నిలబడింది. అందులో వేసింది వేరే ప్యాకెట్ల విత్తనం. నాటింది కూడా వారం ఆలస్యంగా. దానికి అవతల పక్క చేను వేరేవాళ్ళది, వాళ్ళు కొట్టిన మందు వేరే. మరి నిలబడింది విత్తనం వల్లా, నాటిన తేదీ వల్లా, పక్కవాళ్ళ మందు వల్లా? పోయిన రెండెకరాల్లో పురుగుతో పాటు వైరస్ కూడా ఉందా?

ఇప్పటికీ తెలీదు. ఎందుకంటే జనవరిలో నాన్న రోటవేటర్ పెట్టి ఆ రెండెకరాలూ దున్నించేసి మొక్కజొన్న వేశాడు.

నాన్నది తప్పని నేననను. కౌలు డబ్బు కట్టాలి, తెచ్చిన అప్పుకి వడ్డీ నడుస్తోంది. చేను ఖాళీగా ఉన్న ప్రతి రోజూ నష్టమే. రెండు వారాల తర్వాత పంట నష్టం రాసుకోడానికి వచ్చారు. "మిర్చి పోయిందంటున్నారు, చేలో మొక్కజొన్న ఉందిగా?" అన్నారు. విత్తనం ప్యాకెట్లు అప్పటికే పొయ్యిలోకి పోయాయి. బిల్లు ఏ చొక్కా జేబులో ఉండిపోయిందో తెలీదు. పరిహారం సంగతి పక్కన పెట్టండి. మరుసటి ఏడు ఏ విత్తనం వెయ్యాలి, ఎప్పుడు నాటాలి అని తెలుసుకోడానికి మాకున్న ఒకే ఒక్క ఆధారం రోటవేటర్ కింద నలిగిపోయింది. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

సరే, అసలు విషయానికొస్తా. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ రోటవేటర్ పేరు రీబూట్.

కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. అది పోతే మిషను మొత్తం పోయినట్టే. అది పోయే ముందు మెమరీలో ఉన్నదంతా ఒక ఫైల్లోకి దింపితే దాన్ని క్రాష్ డంపు అంటాం. అందులో అన్నిటికన్నా విలువైనది నా లెక్కలో థ్రెడ్ల స్థితి. అంటే, ఆ క్షణంలో మిషన్లో ఉన్న వందలు, వేల థ్రెడ్లలో ఏది ఏ లైను దగ్గర ఉంది, ఎవరు పిలిస్తే అక్కడికొచ్చింది, దేని కోసం కాచుక్కూచుంది, చేతిలో ఏ తాళాలు పట్టుకుని ఉంది అనేది.

ఈ స్థితి ఎక్కడ ఉంటుందనేది మా ఊరి భాషలో చెప్తా. గుంటూరు మిర్చి యార్డు చూసినవాళ్ళకి తేలిగ్గా అర్థమవుతుంది. సరుకు రెండు చోట్ల ఉంటుంది. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన టిక్కీలకి చీటీ ఉంటుంది: ఎవరివి, ఎన్ని, ఏ గదిలో. కరెంటు పోయినా, గుమస్తా ఇంటికెళ్ళినా చీటీ ఎక్కడికీ పోదు. నిద్రపోతున్న థ్రెడ్ అలాంటిది. సీపీయూ మీద నుంచి దాన్ని దించేటప్పుడు కెర్నెల్ దానికి కావాల్సిన రిజిస్టర్లని దాని స్టాక్ మీదే దాచి, ఆ స్టాక్ ఎక్కడుందో థ్రెడ్ తాలూకు రికార్డులో రాసుకుంటుంది. ఎక్స్86 64 బిట్ లినక్సులో ఈ కెర్నెల్ స్టాక్ 16 కిలోబైట్లు (2014లో వచ్చిన 3.15 కెర్నెల్‌కి ముందు 8 మాత్రమే). మెమరీ దొరికితే చాలు, దీన్ని చదువుకోవచ్చు.

రెండో రకం, ఇప్పుడే కాటా మీద ఉన్న టిక్కీ. దాని తూకం కాటా ముల్లు మీదే ఉంది, ఇంకా ఎవరూ పుస్తకంలో రాయలేదు. సీపీయూ మీద నడుస్తున్న థ్రెడ్ ఇదీ. దాని స్థితి సీపీయూ రిజిస్టర్లలో ఉంది, మెమరీలో లేదు. ఆ క్షణంలో ఎవరో ఒకరు చూసి రాసుకోకపోతే మాయమైపోతుంది.

అందుకే లినక్సులో కెర్నెల్ పానిక్ అయినప్పుడు, చనిపోతున్న సీపీయూ మిగతా సీపీయూలన్నిటికీ ఎన్‌ఎమ్‌ఐ అనే ఒక రకం ఇంటరప్ట్ పంపిస్తుంది. మామూలు ఇంటరప్టులని ఆపేసుకుని కూర్చున్న సీపీయూ కూడా దీనికి తలొగ్గాల్సిందే. ఒక్కో సీపీయూ తన రిజిస్టర్లు తనకి కేటాయించిన చోట రాసి ఆగిపోతుంది. దీనికోసం ఒక్క సెకను కంటే ఎక్కువ ఆగరు. చచ్చిపోతున్న మిషన్లో ఎక్కువసేపు ఉండటమే ప్రమాదం కదా. ఆ తర్వాత పాత కెర్నెల్‌ని వదిలేసి, బూట్ అయినప్పుడే పక్కన దాచి ఉంచిన చిన్న మెమరీ ముక్కలో ఉన్న రెండో కెర్నెల్‌లోకి దూకుతుంది. ఆ రెండోది తాజాగా లేచి, పాతదాని మెమరీ మొత్తాన్ని ఒక ఫైల్లా చూపిస్తుంది. దాన్ని డిస్కులోకో నెట్‌వర్క్ మీదకో దింపుకుంటాం. దీన్నే కెడంప్ అంటారు.

ఇందులో తెలివంతా ఎక్కడుందో చూడండి. ఇంతకు ముందు ఎస్‌జీఐ వాళ్ళు మొదలుపెట్టిన ఎల్‌కేసీడీ లాంటివి, చచ్చిపోతున్న కెర్నెల్ చేతే డంపు రాయించేవి. కత్తిపోట్లు తిన్నవాడి చేత వాంగ్మూలం సొంత దస్తూరీతో రాయించినట్టు. డిస్క్ డ్రైవరే చెడిపోతే ఇంక రాసేదెవరు? కెడంప్ ఆ పని బయటివాడికి, అంటే తాజా కెర్నెల్‌కి అప్పజెప్పింది. ఎరిక్ బీడర్‌మన్ రాసిన కెఎక్సెక్ అనే పద్ధతి మీద దీన్ని కట్టారు. కట్టినవాళ్ళలో ముఖ్యులైన వివేక్ గోయల్, హరిప్రసాద్ నెల్లితీర్థ పని చేసింది బెంగళూరు ఐబీఎమ్‌లోనే. 2005లో 2.6.13 కెర్నెల్‌తో ఇది అసలు లినక్సులో కలిసింది. ప్రపంచంలో ఎక్కడ లినక్సు సర్వరు కూలినా దాని పంచనామా మన పొరుగూళ్ళో తయారైన పద్ధతిలో జరుగుతోందన్నమాట. మనవాళ్ళు కెర్నెల్ పనులు చెయ్యరు, సర్వీసు పనులే చేస్తారు అని ఎవరైనా అంటే ఈ ముక్క చెప్పండి :)

ఇంత మంచి ఏర్పాటు ఉండి ఏం లాభం? నేను చూసిన మిషన్లలో సగానికి సగం దీన్ని ఆపేసి ఉంటారు. లేదా ఆన్‌లో ఉన్నా ఎప్పుడూ పరీక్షించి ఉండరు, తీరా అవసరమైన రోజున డిస్కులో చోటుండదు.

మా కస్టమర్ ఒకరి సంగతి చెప్తా. పేర్లు అనవసరం. వాళ్ళ దగ్గర మా సాఫ్ట్‌వేర్ నడిచే స్టోరేజీ సర్వరు తొమ్మిది పది రోజులకోసారి బిగుసుకుపోయేది. పింగ్‌కి పలుకుతుంది, ఫైల్ రాయమంటే మాత్రం ఉలకదు పలకదు. అక్కడి కుర్రాళ్ళు చాలా చురుగ్గా ఐదే ఐదు నిమిషాల్లో పవర్ బటన్ నొక్కి మళ్ళీ లేపేవాళ్ళు. వాళ్ళ మేనేజరు వాళ్ళని మెచ్చుకునేవాడు. నేను మాత్రం జుట్టు పీక్కునేవాణ్ణి. లాగులు చూద్దామంటే ఏమీ లేవు. ఉండవు కూడా, ఎందుకంటే బిగుసుకుపోయింది డిస్కే, లాగులు రాసేది ఆ డిస్కు మీదే!

ఇలా నాలుగు సార్లయ్యింది. ఐదోసారికి బతిమాలి బామాలి ఒప్పించా. "అన్నా, ఈ ఒక్కసారికి ఇంకో పావుగంట ఆగండన్నా. ఆ తర్వాత మీ ఇష్టం" అని. కెడంప్ ఆన్ చేసి, డంపు వేరే మిషన్లోకి నెట్‌వర్క్ మీద వెళ్ళేట్టు పెట్టా. ఏ థ్రెడ్ అయినా 120 సెకన్లకి మించి లేవకుండా డి స్థితిలో ఇరుక్కుంటే కెర్నెల్ తనంతట తనే పానిక్ అయ్యేట్టు అమర్చా. ఎనిమిది రోజులకి పడింది డంపు. 128 గిగాబైట్ల మెమరీలో ఖాళీ పేజీలు, కాష్, యూజరు డేటా వడగట్టేశాక రెండు గిగాబైట్లకి కాస్త అటూ ఇటూగా వచ్చింది.

డంపు తెరిచి, పానిక్ అయిన థ్రెడ్ ఎవరా అని చూస్తే ఖంగ్‌టాస్క్‌డీ. అది కెర్నెల్‌లో కాపలావాడు. "ఫలానావాడు రెండు నిమిషాల్నుంచి కదలట్లేదు" అని కేకేసేవాడు. అంటే చచ్చినవాడు కాపలావాడు. నేరంతో వాడికేం సంబంధం లేదు. ఆ ఒక్క థ్రెడ్ స్టాక్ మాత్రమే దాచుకుని ఉంటే, నా చేతిలో ఉండేది కాపలావాడి కేక ఒక్కటే.

అప్పుడు క్రాష్ అనే పనిముట్టుతో మొత్తం థ్రెడ్లన్నిటి స్టాకులూ తీశా. (రెడ్ హ్యాట్‌లో డేవ్ ఆండర్సన్ అనే ఆయన ఏళ్ళ తరబడి సాకిన పనిముట్టు ఇది, ఆయనకి నా తరఫున వేల దండాలు.) రాయడానికి వచ్చిన నలభై చిల్లర థ్రెడ్లు ఒకే తాళం కోసం వరసలో నిలబడి ఉన్నాయి. తాళం ఎవరి దగ్గరుంది? మ్యూటెక్స్‌లో దాని యజమాని ఎవరో రాసి ఉంటుంది. ఆ చిరునామా పట్టుకుని వెళ్తే మా డ్రైవరు తాలూకు థ్రెడ్ ఒకటి నిద్రపోతూ కనపడింది. దాని స్టాక్ కింద నుంచి పైకి చదువుకుంటూ వెళ్ళా. తాళం వేసుకుంది, లోపలికెళ్ళి కొంచెం మెమరీ కావాలని అడిగింది, మెమరీ అయిపోవచ్చింది కాబట్టి కెర్నెల్ పాత పేజీలు డిస్కులోకి రాసి చోటు చేద్దామనుకుంది, రాయడానికి మళ్ళీ మా డ్రైవరు దగ్గరికే వచ్చింది, అక్కడ తాళం వేసి ఉంది. తాళం వేసుకున్నది తనే! తన జేబులో తాళంచెవి పెట్టుకుని తలుపు బయట కూర్చుని ఎవరో వచ్చి తీస్తారని ఎదురుచూస్తోంది.

సవరణ ఎంతో తెలుసా? మెమరీ అడిగేటప్పుడు "దీని కోసం డిస్కు జోలికి వెళ్ళొద్దు" అని చెప్పే ఒక జెండా మార్చడం. ఒక్క లైను. నాలుగు రీబూట్ల తర్వాత ఐదోసారి పావుగంట ఆగినందుకు దొరికిన లైను అది. మొదటిసారే ఆగి ఉంటే మిగతా నాలుగు రాత్రులు వాళ్ళూ నేనూ హాయిగా నిద్రపోయేవాళ్ళం.

అందుకే నేను గట్టిగా చెప్పేదేంటంటే, చచ్చిన థ్రెడ్ ఒక్కదాని స్థితి సరిపోదు, మొత్తం అందరిదీ కావాలి. విండోస్‌లో చిన్న డంపు అని ఒకటుంది. అందులో ఆగిపోయిన థ్రెడ్ వివరాలు, దాని కెర్నెల్ స్టాక్, మరికొన్ని చిల్లర వివరాలు మాత్రమే ఉంటాయి. ఫైలు చిన్నది, మెయిల్లో పంపుకోవచ్చు. కానీ నా ఈ కేసులాంటిది అందులో పడితే కాపలావాడే దొరుకుతాడు, దొంగ దొరకడు.

మా వైపు పెద్దవాళ్ళకి ఈ సంగతి వేరే రకంగా తెలుసు. 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి తెల్లదోమ వల్ల నాశనమైంది. మా తాతయ్య ఆ ఏళ్ళని "దోమ ఏళ్ళు" అనేవాడు. ఆ దశాబ్దం చివర్లో మా ప్రాంతంలో పత్తి రైతుల ఆత్మహత్యలు కూడా జరిగాయి. పైకి చూస్తే చంపింది తెల్లదోమ. కానీ శాస్త్రవేత్తలు వెనక్కి వెళ్ళి చూస్తే తేలిందేంటి? కాయతొలుచు పురుగు కోసం విచ్చలవిడిగా కొట్టిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు, దోమని తినే మిత్రపురుగులని కూడా చంపేశాయి. అడ్డు లేక దోమ పెరిగిపోయింది. ఒక్క చచ్చిన మొక్కనే పట్టుకుని చూస్తే దోమే కనపడుతుంది. చేలో ఇంకా ఏముంది, ఏం లేదు, ఎవరు ఏం కొట్టారు అని మొత్తం చూస్తేనే మందు కనపడుతుంది. దోమకి ఇంకో మందు కొట్టుకుంటూ పోవడం, కారణం తెలీకుండా రీబూట్ కొట్టుకుంటూ పోవడం, నా దృష్టిలో రెండూ ఒకటే.

ఒక్కోసారి చచ్చిన థ్రెడ్ ఒక్కటే చాలు, ఆ మాట కూడా ఒప్పుకోవాలి. 2024 జులై 19 గుర్తుందా? పొద్దున 9 గంటల 39 నిమిషాలకి క్రౌడ్‌స్ట్రైక్ వాళ్ళు ఒక అప్‌డేట్ వదిలారు. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు గానీ అప్పటికే నష్టం జరిగిపోయింది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ మిషన్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. మన హైదరాబాదు విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసు ఫొటో అందరూ చూసే ఉంటారు.

ఆ రోజే ఇంటర్నెట్‌లో ఒకాయన డంపు ఒకటి చూపించి "ఇది నల్ పాయింటరు, చేతకాని ప్రోగ్రామింగు" అని తేల్చేశాడు. ఆ డంపులో ఆర్8 అనే రిజిస్టరు విలువ హెక్సాలో 9సి, అంటే సున్నాకి దగ్గర్లో ఉంది. చూడ్డానికి నిజమే అనిపిస్తుంది. కానీ తర్వాత మైక్రోసాఫ్ట్ చూపించిన ఇంకో డంపులో అదే సూచన దగ్గర, అదే ఆర్8లో ఉన్నది సున్నాకి ఆమడ దూరంలో ఉన్న పెద్ద చిరునామా. ఒక మిషన్లో ఒకటి, ఇంకో మిషన్లో ఇంకొకటి ఉందంటే అది నల్ కాదు, ఎవరో హద్దు దాటి చదివి తెచ్చుకున్న చెత్త విలువ. కంపెనీ తర్వాత ఒప్పుకున్నది కూడా అదే: 20 విలువలు మాత్రమే ఇచ్చే చోట 21వ దాన్ని చదవబోయారు. ఒక్క డంపు చూసి తీర్పు చెప్పినాయన తప్పయ్యాడు, రెండు పక్కపక్కన పెట్టి చూస్తే నిజం బయటపడింది. డంపులు దాచుకున్నవాళ్ళు ఉన్నారు కాబట్టే రెండోది దొరికింది.

ఇప్పుడు నాకు ఎదురయ్యే అభ్యంతరాలు.

ఒకటి, మెమరీ దండగ అంటారు. రెండో కెర్నెల్ కోసం మామూలుగా 256 మెగాబైట్లు పక్కన పెడతాం. మెమరీ 128 గిగాబైట్లుంటే అది 512వ వంతు. విత్తన ప్యాకెట్ దాచుకోడానికి బీరువాలో చోటు లేదన్నట్టుంటుంది ఈ వాదన. చిన్న చిన్న బోర్డుల్లో నిజంగానే చోటుండదు, ఒప్పుకుంటా. అక్కడ కనీసం చివరి కెర్నెల్ సందేశాలైనా రీబూట్‌కి చెక్కుచెదరని మెమరీలో దాచే ఏర్పాట్లున్నాయి, అవి వాడండి.

రెండు, సమయం. ఇది నిజమైన అభ్యంతరం. సర్వరు ఆగితే నిమిషానికింత అని నష్టం. నాన్నకి కౌలు వడ్డీ ఎలాగో వాళ్ళకి ఇది అలాగ. అందుకే నాన్నని తప్పు పట్టనట్టే, ఐదు నిమిషాల్లో బటన్ నొక్కిన ఆ కుర్రాళ్ళనీ నేను తప్పు పట్టను. తప్పంతా "ఎంత త్వరగా లేపావు" అని మాత్రమే అడిగి, "ఎందుకు పడింది" అని అడగని లెక్కది. పావుగంట ఆగడానికి వాళ్ళకి అనుమతి పైనుంచి, ముందుగానే, రాతపూర్వకంగా ఉండాలి. రాత్రి రెండింటికి ఫోన్లో కస్టమర్ అరుస్తుంటే ఇరవై మూడేళ్ళ కుర్రాడు ఆ నిర్ణయం తీసుకోలేడు. తీసుకోవాలని ఆశించడం కూడా అన్యాయం.

మూడు, రహస్యాలు. దీన్ని నేను తేలిగ్గా కొట్టిపారెయ్యను. డంపులో పాస్‌వర్డులు, తాళాలు, జనాల సమాచారం అన్నీ ఉండే అవకాశం ఉంది. 2023లో మైక్రోసాఫ్ట్ సంతకం తాళం దొంగిలించి హ్యాకర్లు ఈమెయిళ్ళు చదివారు. ఆ సెప్టెంబరులో కంపెనీ, 2021 ఏప్రిల్ నాటి ఒక క్రాష్ డంపులో ఆ తాళం ఉండిపోయి బయటికి పొక్కి ఉంటుందని రాసింది. 2024 మార్చిలో దాన్ని సవరించి, ఆ తాళం ఉన్న డంపు ఏదీ తమకి దొరకలేదని చెప్పింది. అసలు దొంగతనం ఎలా జరిగినా, డంపులో తాళం ఉండిపోవడం అనేది భయపడాల్సిన విషయమే. దానికి మందు డంపు తియ్యకపోవడం కాదు. యూజరు పేజీలు వడగట్టండి, డంపుకి తాళం వెయ్యండి, ఎవరు చూడొచ్చో రాసి పెట్టండి, పని కాగానే తీసెయ్యండి. ఒక ఊరట ఏంటంటే, యూజరు పేజీలన్నీ వడగట్టేసినా కెర్నెల్ స్టాకులు అలాగే ఉంటాయి. థ్రెడ్ల స్థితి చదవడానికి జనాల ఈమెయిళ్ళు అక్కర్లేదు. వడగట్టినంత మాత్రాన కెర్నెల్ పేజీల్లో రహస్యాలేవీ మిగలవని కాదు, అందుకే తాళం మాట ముందు చెప్పా.

కాబట్టి మీరు సర్వర్లు చూసుకునేవాళ్ళైతే నా మాట విని ఈ నాలుగూ చెయ్యండి. కెడంప్ ఆన్ చెయ్యండి. ఒక మంచి రోజు చూసుకుని, కావాలనే మిషన్ని పానిక్ చేసి, డంపు నిజంగా పడుతోందో లేదో చూడండి (నడుస్తున్న కస్టమర్ మిషన్ మీద మాత్రం కాదు బాబూ!). మిషను బిగుసుకుపోతే పవర్ బటన్ బదులు ఎన్‌ఎమ్‌ఐ పంపి పానిక్ చేసేట్టు ముందే అమర్చుకోండి. అదీ కుదరకపోతే, కనీసం ఇరుక్కున్న థ్రెడ్ల జాబితా కన్సోల్ మీద అచ్చేయించి ఫోన్‌తో ఫొటో తీసి, అప్పుడు రీబూట్ కొట్టండి. ఆ ఫొటో ఒక్కటున్నా నాలాంటివాడు మీకు ఋణపడి ఉంటాడు.

ఇదంతా నాన్నకి ఇంత వివరంగా చెప్పలేదు. కాపలావాడి కథ మాత్రం చెప్పా. విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి లోపలికెళ్ళి పాత బిస్కెట్ డబ్బా ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో ఈ ఏడు వేసిన మిర్చి విత్తనం ఖాళీ ప్యాకెట్లు, రబ్బరు బ్యాండు చుట్టిన బిల్లులు, అమ్మ చేతిరాతతో ఏ మడిలో ఏ ప్యాకెట్ ఎప్పుడు నాటారో రాసిన నోటుపుస్తకం కాగితం.

"ఈసారి పోయినా, ఎందుకు పోయిందో తెలియాలి గదరా" అన్నాడు.

మా ఆఫీసులో ఎంతమందికి చెప్పినా ఎక్కనిది, మా నాన్న ఒక బిస్కెట్ డబ్బాతో చేసి చూపించాడు. మరి మీ సర్వర్లకి డబ్బా ఉందా?